ఇంజిన్ పెద్దదైతే సరిపోతుందా?

మన స్టూడెంట్ ఫార్ములా కారులో కేటీఎం 390 సింగిల్ సిలిండర్ ఇంజిన్ తీసేసి, 600 సీసీ ఫోర్ సిలిండర్ పెడదామని మీటింగ్‌లో అందరూ అన్నారు. నేనూ చెయ్యెత్తాను. రాత్రి లెక్క వేసి చూస్తే తొందరపడ్డాననిపించింది.

రూల్స్ ప్రకారం ఇంజిన్ 710 సీసీ దాటొద్దు. గాలంతా 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ లోంచే రావాలి. పాలమూరోళ్లకి ఇది తెలిసిందే: పొలం ఎంత పెద్దదైనా, తూము ఎంతుంటే అన్నే నీళ్లు. ఆ సందులో గాలి ధ్వని వేగం అందుకుందంటే, సెకనుకి సుమారు 74 గ్రాములకు మించి రాదు.

సిలిండర్ పూర్తిగా నిండుతుందనుకుంటే, 600 సీసీకి 13,000 ఆర్‌పీఎం దగ్గర 78 గ్రాములు కావాలి. ఆ పైన తిప్పినా లాభం లేదు. మన 373 సీసీకి 9,000 దగ్గర 33 చాలు. కానీ అది నాలుగు స్ట్రోకుల్లో ఒక్కదాంట్లోనే పీలుస్తుంది. ఆ క్షణంలో దాదాపు నాలుగింతలు, అంటే 132 అడుగుతుంది. అక్కడ తూము అడ్డం పడుతుంది.

దీనికి మందు ప్లీనమ్. బోరు సన్నగా పోసినా, తొట్టి నిండుంటే బిందె ఒక్కసారే ముంచుకోవచ్చు. మేం సీఎస్‌లో దీన్నే బఫర్ అంటాం.

600 సీసీతో పవర్ ఎక్కువే వస్తుంది, కాదనను. కానీ బరువు, పెట్రోలు, ఖర్చు కూడా పెరుగుతాయి. పోటీలో ఖర్చుకీ, మైలేజీకీ మార్కులున్నాయి. టర్బో పెడితే మిగిలిన గాలి వాడుకోవచ్చు గానీ, వేడి, ట్యూనింగ్ తలనొప్పి. అందుకే ముందు ప్లీనమ్, ఈసీయూ మ్యాప్ సరిచేద్దాం. వచ్చే మీటింగ్‌లో నా ఓటు మార్చుకుంటున్నా.