మరక పన్ను మీదనా, పన్ను లోపలా?

పళ్ళు గోధుమరంగులో ఉన్నాయంటే బ్రష్ చేయట్లేదనే చాలామంది అనుకుంటారు. మన క్లాసుల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళను నేను చూశాను. వాళ్ళలో కొందరి పళ్ళమీద ఉన్నది మురికి కాదు, చిన్నప్పుడు తాగిన నీళ్ళ గుర్తు.

జనగామ, మహబూబాబాద్ వైపు నేల కింద ఎక్కువగా గ్రానైట్ రాయి. అందులోని ఫ్లోరైడ్ మెల్లగా బోరు నీళ్ళలో కరుగుతుంది. భూపాలపల్లి వైపు ఇసుకరాయి, బొగ్గు పొరలు ఎక్కువ. అయినా జిల్లా పేరు చూసి తేల్చలేం. పక్కపక్క బోర్లలోనే తేడా ఉంటుంది, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు కూడా 1.5 దాటొద్దు.

దాదాపు 8 ఏళ్ళ లోపు, చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికొచ్చాక అక్కడ రంగు పడుతుంది.

గుర్తుపట్టడం ఎలా? ఫ్లోరైడ్ మరక అయితే తెల్ల గీతలు, సుద్దలాంటి మచ్చలు, గోధుమరంగు చారలు కుడి ఎడమ పళ్ళమీద దాదాపు ఒకేలా ఉంటాయి. గార అయితే చిగురు అంచున, కింది ముందుపళ్ళ వెనక గరుకుగా పేరుకుంటుంది. టీ, గుట్కా మరకలు పైపైన ఉంటాయి.

గారను, పైమరకలను డాక్టర్ క్లీనింగ్ చేసి తీసేస్తారు. దానివల్ల పళ్ళు వదులవ్వవు. గార వెనక దాగిన సందులు బయటపడతాయి, అంతే. ఫ్లోరైడ్ మరక మాత్రం బ్రష్‌కు పోదు. బొగ్గు, ఉప్పు, నిమ్మకాయతో రుద్దితే ఎనామిల్ అరుగుతుంది. అరిగిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు, జివ్వుమనడం మొదలవుతుంది. మరక మరీ ఇబ్బందిగా ఉంటే పైపొర పాలిష్, ఫిల్లింగ్ లాంటి పద్ధతులు డెంటిస్టుల దగ్గర ఉన్నాయి.

"నాకు ఫ్లోరైడ్ మరకలున్నాయి కదా, ఫ్లోరైడ్ పేస్ట్ మానెయ్యాలా?" అంటే, వద్దు. పేస్ట్ మింగం, ఉమ్మేస్తాం. పిప్పిపళ్ళు రాకుండా అదే కాపాడుతుంది. రోజుకు రెండుసార్లు, బఠాణీ గింజంత చాలు.

మన మరకలు ఎప్పుడో పడిపోయాయి. ఇంట్లో ఎనిమిదేళ్ళ లోపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే వాళ్ళ పళ్ళు ఇంకా తయారవుతూనే ఉన్నాయి. బోరు నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. వాళ్ళకు తాగడానికీ, వంటకూ మిషన్ భగీరథ నల్లా నీళ్ళో, ఆర్‌ఓ నీళ్ళో వాడమని ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పండి.