గిద్దలూరులో ఇంగ్లీషు పుస్తకం వెయ్యాలంటే



గిద్దలూరు నుంచి ఇంగ్లీషు కవిత్వం అచ్చు వేస్తానని నువ్వంటే నవ్వేవాళ్లు ఉంటారు. పట్టించుకోకు. ముందు పురుషోత్తమ లాల్ సంగతి తెలుసుకో.

కలకత్తా సెయింట్ జేవియర్స్ కాలేజీలో పాఠాలు చెప్పే లాల్, 1958లో కొందరు రచయితలతో కలిసి రైటర్స్ వర్క్‌షాప్ అనే ప్రచురణ సంస్థ మొదలుపెట్టారు. మనవాళ్లకు ఇంగ్లీషులో కవిత్వమేమిటని పెదవి విరిచే రోజులవి. లేక్ గార్డెన్స్‌లోని ఇల్లే ఆఫీసు. ఆగా షాహిద్ అలీ, విక్రమ్ సేథ్ కవితలు వాళ్లకు పెద్ద పేరు రాకముందే ఆ ఇంటి నుంచి వెలువడ్డాయి.

ఆ సంస్థ వేసిన పుస్తకం ఒక్కటి దొరికితే వదలకు. అట్టకు చేనేత చీర గుడ్డ, దాని మీద లాల్ గారి చేతిరాతలోనే పేరు. లోపల అచ్చు వేసినవారి పేరు, బైండు చేసినవారి పేరు కూడా ఉంటాయి. నువ్వూ అలాగే వెయ్యి. విజయవాడలో అచ్చు వేయించినా, బైండు కుట్టిన మనిషి పేరు కనుక్కుని మరీ వెయ్యి.

మన తెలుగువాడి కథ ఇంకా ముఖ్యం. శ్రీనివాస్ రాయప్రోలు, కవి రాయప్రోలు సుబ్బారావు గారి కొడుకు. స్టాన్‌ఫర్డ్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివి వచ్చి, ఇక్కడ ఉద్యోగం చేస్తూనే 1956లో 'ఈస్ట్ అండ్ వెస్ట్' అనే ఇంగ్లీషు సాహిత్య పత్రిక నడపడం మొదలుపెట్టారు. అమెరికా కవి విలియం కార్లోస్ విలియమ్స్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపారు. ఆయన తొలి కవితా సంపుటి 'బోన్స్ అండ్ డిస్టెన్సెస్'ను 1968లో వేసింది లాల్ గారే. 1998లో రాయప్రోలు పోయారు. ఆ ఉత్తరాలు 2018లో అమెరికాలో పుస్తకమయ్యాయి, 2020లో మాంచెస్టర్‌కు చెందిన కార్కనెట్ ప్రచురణ సంస్థ ఆయన కవితలు, వచనం ఎంచి వేసింది. తొలి సంపుటి వచ్చిన యాభై రెండేళ్లకు! ఆ రోజు లాల్ గారి చిన్న సంస్థ వెయ్యకపోయి ఉంటే తర్వాతివాళ్లు వెతుక్కోవడానికి ఏం మిగిలేది?

లాల్ గారి పద్ధతుల్లో ఒకటి మాత్రం నాకు మింగుడుపడదు. పుస్తకం వేస్తే రచయిత వంద ప్రతులు కొనాల్సి ఉండేది. గ్రాంటుల్లేని సంస్థ ఆ డబ్బుతోనే నిలబడింది, మూడు వేలకు పైగా పుస్తకాలు తెచ్చింది. నిజమే. కానీ కొనగలిగినవాడి రాతకే దారి సులువవుతుంది. కంభం చెరువు కింద రైతు కూతురు, మార్కాపురం పలకల గనిలో పనిచేసినవాడి కొడుకు ఆ సొమ్ము ఎక్కడ తెస్తారు? నువ్వు వెతకాల్సింది వాళ్లనే. రచయిత దగ్గర పైసా తీసుకోకు. ఏడాదికి రెండే పుస్తకాలు వెయ్యి, మూడు వందల ప్రతులు చాలు. ముందుగా పాఠకుల దగ్గరే చందాలు కట్టించుకో. వేసినదీ అమ్మినదీ లెక్క రాసి ఆర్నెల్లకోసారి రచయితకు పంపు, అమ్ముడైంది పది ప్రతులే అయినా సరే.

పుస్తకం మీద వేసే ఐఎస్‌బీఎన్ నంబరుకు మన దేశంలో డబ్బు కట్టనక్కర్లేదు, దరఖాస్తు పెడితే ప్రభుత్వమే ఇస్తుంది. ఇప్పిస్తామని ఎవరైనా సొమ్ము అడిగితే ఇవ్వకు.

రాతప్రతి నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రెండు వాక్యాలైనా రాసి తిప్పి పంపు. నెలల తరబడి అట్టిపెట్టుకోవద్దు. ప్రూఫు చూడ్డానికి నేనున్నాను. గుంటూరు బండికి వచ్చేవాళ్లెవరితోనైనా కాగితం మీదే పంపు, ఫోన్‌లో చదివితే నా కళ్లకు కామాలు ఆనవు.