బర్జిల్లయితో రాజు మాటలాడిన విధము

చదువవలసిన భాగము: 2 సమూయేలు 19:31-39

ఢిల్లీకి సమీపమున 1991లో ఏర్పడిన గ్రేటర్ నోయిడాకు ఉద్యోగముల నిమిత్తము మన తెలుగు యౌవనులు అనేకులు వెళ్లియున్నారు. కొంతకాలమునకు వారి తలిదండ్రులును అక్కడికి చేరుదురు. ముప్పది సంవత్సరములు బడిలో పాఠములు చెప్పిన తల్లి యొకతె అట్లు వెళ్లెననుకొనుడి. ఆమెకు హిందీ రాదు. వైద్యశాలలో అందరును ఆమెను "మాతాజీ" యని పిలుతురు. చక్కని మాటయే. అయితే "మాతాజీకి ఏమి బాధ?" యను ప్రశ్న ప్రక్కనున్న కుమారునికి వేయబడును. ఇంటికి వచ్చినవారితో కోడలు, "మా అత్తయ్యగారు చిన్నపిల్లవంటివారు, మందు మ్రింగుటకు మారాము చేయుదురు" అని ప్రేమతోనే చెప్పును. అత్తగారు నవ్వి ఊరకుండును. కొన్ని నెలలకు ఆమె మాటలాడుటయే తగ్గించుకొనును.

ఇందులో ఎవరికిని దురుద్దేశము లేదు. పసిబిడ్డను ఎత్తుకొని "నా తండ్రీ, నా తల్లీ" యని ముద్దాడుట మనకు అలవాటు. కన్నతండ్రి వృద్ధుడైనప్పుడో, ఆయనను పసిబిడ్డ యందుము! మొదటి మాట బిడ్డకు లేని పెద్దరికమును ముందుగా ఇచ్చుచున్నది. రెండవది ఉన్న పెద్దరికమును తీసివేయుచున్నది. 1 తిమోతి 5:1-2లో పౌలు యౌవనుడైన తిమోతికి, వృద్ధుని తండ్రిగాను వృద్ధస్త్రీలను తల్లులుగాను ఎంచుమని బోధించెను. హెచ్చరింపవలసి వచ్చినప్పుడు సహితము ఆ వరుస తప్పరాదనుట అచ్చట గమనింపదగినది.

అమెరికాలో క్రిస్టీన్ విలియమ్స్ అను నర్సింగు ఆచార్యురాలును ఆమె సహచరులును 2009లో ఒక పరిశీలన ప్రకటించిరి. మతిమరుపు వ్యాధిగల వృద్ధులతో పరిచారకులు పసివారితో వలె మాటలాడినప్పుడు, పెద్దవారితో వలె మాటలాడినప్పటికంటె, ఆ వృద్ధులు సేవను ఎక్కువగా ప్రతిఘటించుట వారికి కనబడెను. జ్ఞాపకము సన్నగిల్లినవారి విషయమే ఇట్లున్నది. హిందీ మాత్రమే రాని మన ఉపాధ్యాయురాలి మాట చెప్పనేల? మన దేశములో 2007 నాటి చట్టము తలిదండ్రులను పోషింపవలెనని బిడ్డలను ఆజ్ఞాపించును గాని, వారిని ఎట్లు పలుకరింపవలెనో ఏ చట్టము చెప్పగలదు?

ఇప్పుడు బర్జిల్లయిని చూడుడి. అబ్షాలోముకు వెరచి దావీదు మహనయీమునకు పారిపోయినప్పుడు పరుపులు, గోధుమలు, తేనె, వెన్న మొదలైనవి తెచ్చి ఆదుకొనినవారిలో ఇతడొకడు (2 సమూయేలు 17:27-29). యుద్ధము ముగిసిన తరువాత రాజు అతనిని యెరూషలేమునకు రమ్మని, తన యొద్ద ఉంచుకొని పోషించెదనని పిలిచెను. ఎంత ప్రేమ! ముసలితనమందు రాజభోజనము ఎవరికి చేదు? అయినను బర్జిల్లయి ఒప్పుకొనలేదు. తనకు ఎనుబది యేండ్లనియు, రుచి తెలియదనియు, గాయకుల స్వరము వినబడదనియు, తన ఊరిలో తలిదండ్రుల సమాధియొద్ద చనిపోనిమ్మనియు మనవి చేసెను.

తన బలహీనతలను అతడే చెప్పుకొనెను. దావీదు వాటిలో ఒక్కదానినైనను తిరిగి పలుకలేదు. "పెద్దవాడవు, నీకేమి తెలియును, నా మాట వినుము" అనలేదు. "పాపము" అనియు అనలేదు. బర్జిల్లయి తనకు బదులుగా కింహామును పంపగా, అతనికి ఏమి చేయవలెనో దానిని బర్జిల్లయి ఇష్టప్రకారమే చేసెదనని రాజు మాట యిచ్చెను. పిమ్మట ముద్దుపెట్టుకొని దీవించెను. ముద్దు తరువాత వచ్చెను. వినుట ముందు జరిగెను. ఈ క్రమమును మన యిండ్లలో ఎంతమంది పాటించుచున్నాము? భాష రాని తల్లిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవు కుమారుడు ప్రశ్నను ఆమెకు తెలుగులో చెప్పి, ఆమె ఉత్తరమును ఆమె మాటలలోనే వైద్యునికి అందింపవచ్చును. దీనికి అధికముగా పట్టునది రెండు నిమిషములు. ఇక "మామ్మా" యని పిలిపించుకొనుట ఇష్టమైన వృద్ధురాలిని అట్లే పిలువుడి. ఆమె ఇష్టమేమో ఆమెనే అడుగుడి.

దావీదు మరణకాలమందు సొలొమోనుకు ఆజ్ఞ లిచ్చుచు, బర్జిల్లయి కుమారులను నీ బల్లయొద్ద భోజనము చేయనిమ్మని చెప్పెను (1 రాజులు 2:7). కొన్ని శతాబ్దముల తరువాత యిర్మీయా 41:17లో బేత్లెహేము దగ్గర కింహాము పేరుగల బస యొకటి కనబడుచున్నది. ఆ ముసలివాడు పంపిన కింహాము పేరే దానికి నిలిచెనని పండితులు అనేకులు తలంచుచున్నారు.