ఆ హోరును నాయిస్ అనకు

చి. అమ్మలుకి,

నువ్వు పంపిన స్పెక్ట్రం బొమ్మ రాత్రి కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చూశాను. 2017 జులై 11 నాటి ఎంఎంఎస్ ఉపగ్రహాల డేటా ఎంచుకున్నావు, మంచి పని చేశావు. భూమికి రాత్రి వైపు దాదాపు 1,40,000 కిలోమీటర్ల దూరాన, అయస్కాంత తోకలో బలరేఖలు తెగి అతుక్కునే చోటికే ఆ నాలుగు ఉపగ్రహాలు వెళ్లిన రోజది. కానీ బొమ్మలో కింది నుంచి పై దాకా పరుచుకున్న రంగు పట్టీ పక్కన "నాయిస్" అని రాశావు చూడు, నా పేచీ దానితోనే.

ఆ మాట నీకంటే ముందు పెద్దపెద్దవాళ్లే వాడారు. 1970లలో ఉపగ్రహాలు తోకలో ఇలాంటి హోరే పట్టాయి. బ్రాడ్‌బ్యాండ్ ఎలక్ట్రోస్టాటిక్ నాయిస్ అని పేరు పెట్టారు. 1992లో నింగికెళ్లిన జపాన్ ఉపగ్రహం జియోటెయిల్, విద్యుత్ క్షేత్రం ఎగుడుదిగుళ్లను ఉన్నవి ఉన్నట్టు నమోదు చేసింది. 1994లో క్యోటో విశ్వవిద్యాలయపు హిరోషి మత్సుమోతో బృందం ఆ గీతలు విప్పి చూపిస్తే హోరు లేదు, అన్నీ విడివిడి పల్స్‌లే!

వీణ తీగ మీటితే ఏ స్వరమో చెప్పగలవు. చప్పట్లు కొడితే చెప్పగలవా? అంత పొట్టి దెబ్బలో రకరకాల పౌనఃపున్యాలు కలిసిపోయి ఉంటాయి. నీ స్పెక్ట్రం ఎన్నో చప్పట్లను కలిపి ఒక్క పట్టీగా పూసేసింది.

ఆ పల్స్ ఎలా పుడుతుందంటావా? బలరేఖలు తెగి అతుక్కునే చోటు, అంటే పునఃసంధానం దగ్గర్నుంచి ఎలక్ట్రాన్లు బలరేఖ వెంట ధారగా దూసుకొస్తాయి. అక్కడ ముందే ఉన్నవాటి వేగం వేరు, అందుకే అలలు లేస్తాయి. పెరిగిన అల ఆ ఎలక్ట్రాన్లనే కొన్నింటిని తనలో బంధిస్తుంది. దాని నడుమ ఎలక్ట్రాన్లు పలచబడతాయి కాబట్టి ఎలక్ట్రాన్ రంధ్రం అన్నారు. అది ఉపగ్రహాన్ని దాటేటప్పుడు విద్యుత్ క్షేత్రం బలరేఖ వెంట ఒకసారి అటు, వెంటనే ఇటు తూగుతుంది. అంతా కొన్ని మిల్లీసెకన్లలో. తోకలో కణాలు ఒకదాన్నొకటి ఢీకొనడమే అరుదు కదా, ధార దూకుడు తగ్గించే పని ఇలాంటి అలల మీదే పడుతుంది. అలాగని పునఃసంధానాన్ని నడిపేది ఇవేనని రాసేయకు. నువ్వు ఎంచుకున్న ఆ జులై 11 ఘటనలో ఎలక్ట్రాన్ల కదలికతోనే పునఃసంధానం లెక్క చాలావరకు సరిపోయింది.

ఇప్పుడు సెకనుకు 8,192 నమూనాలున్న బర్స్ట్ డేటా తీసుకో. విద్యుత్ క్షేత్రాన్ని బలరేఖ దిశకు తిప్పి, అర సెకను ముక్క గీయి. సగటు మాత్రం తీయకు, నేను వయసులో ఉన్నప్పుడు అలాగే చదును చేసి ఏడాది పోగొట్టుకున్నాను. ఒకే పల్స్ రెండు ఉపగ్రహాల్లో దొరికితే నీ పంట పండినట్టే, ఆలస్యాన్ని బట్టి వేగం కట్టొచ్చు. దొరకలేదని పారేయకు, రంధ్రం అడ్డంగా చిన్నదై ఉండొచ్చు.

గీసింది వాట్సాప్‌లో పంపకు, కుదించేసరికి ఆ సన్నగీతలే మాయమవుతాయి. మెయిల్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న