మంచం పక్కన కూర్చున్న మీ కోసం



వార్డులో మేము పేషెంటును రోజుకు ఎన్నోసార్లు పలకరిస్తాము. జ్వరం చూస్తాము, బి.పి. చూస్తాము, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతాము. ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మిమ్మల్ని మాత్రం "మందులు తెచ్చారా?" అని తప్ప మరేమీ అడగము. అందుకే ఈ పాఠం పేషెంటు కోసం కాదు, మీ కోసం.

నేను నేర్చుకున్న పాఠం

కొన్నేళ్ల క్రితం మా అమ్మకు పక్షవాతం వచ్చింది. పన్నెండు రోజులు ఆమె మంచం దగ్గరే ఉన్నాను. నర్సును కదా, నాకు అన్నీ తెలుసనుకున్నాను. ఉదయం, సాయంత్రం అమ్మ బి.పి. చూసి కాగితం మీద రాసేదాన్ని. నాకూ బి.పి. ఉందని, నేనూ మాత్ర వేసుకోవాలని మర్చిపోయాను. కాఫీతో కడుపు నింపుకుని, కుర్చీలోనే కునుకు తీశాను. తొమ్మిదో రోజు వరండాలో కళ్లు తిరిగి కూలబడ్డాను. చూస్తే నా బి.పి. 180/110. అమ్మను చూసుకోవలసిన నాకే ఇంకొకరి సాయం కావలసి వచ్చింది.

మన డెల్టాలో శివారు పొలానికి కాలువ నీరు అందరికంటే చివర అందుతుంది. ఒక్కోసారి అందనే అందదు. ఇంట్లో జబ్బు వచ్చినప్పుడు సేవ చేసేవారి స్థితి కూడా అంతే. అందరికీ పెట్టి, చివరకు తమకు ఏమీ మిగుల్చుకోరు.

ఒంట్లో ఏమి జరుగుతుంది?

భయం, ఆందోళన కలిగినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు రక్తంలో పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. బి.పి., షుగరు పెరుగుతాయి. కండరాలు బిగుసుకుంటాయి. అపాయం వచ్చిన గడియలో ఇది మేలే చేస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీరు వచ్చినప్పుడు, ముసలివారిని పై అంతస్తుకు మోసుకుపోయే బలం ఇచ్చింది ఇదే. కాని నీరు తీసిన తర్వాత కూడా, వాన చప్పుడు వింటే గుండె దడ వస్తోందని నాతో చెప్పినవారు ఉన్నారు. అపాయం దాటినా ఒళ్లు ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది.

రోజుల తరబడి ఆసుపత్రిలో ఉన్నవారికీ ఇలాగే అవుతుంది. నిద్ర పట్టదు, అన్నం సహించదు, చిన్న మాటకే కోపం వస్తుంది. ఇది మీ తప్పు కాదు. పిరికితనమూ కాదు.

కృతజ్ఞత ఎందుకు?

"ఇంత కష్టంలో కృతజ్ఞత ఏమిటి సిస్టర్?" అని మీరు అడగవచ్చు. కృతజ్ఞత అంటే జబ్బు మంచిదని చెప్పడం కాదు. ఏడుపు దిగమింగి నవ్వడం కాదు. భయపడిన మనసు చెడునే వెదుకుతూ ఉంటుంది. అదే రోజు జరిగిన మంచిని కూడా దానికి చూపించడమే కృతజ్ఞత.

అమెరికాలో ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఒక పరిశీలన ప్రచురించారు. అందులో నరాలు, కండరాల జబ్బు ఉన్న కొందరు 21 రోజుల పాటు తమకు కలిగిన మేళ్లను రోజూ రాశారు. రాయనివారికంటే వారికి నిద్ర, మనసు మెరుగ్గా ఉన్నాయి. ఆ తర్వాత జరిగిన పరిశీలనలను కలిపి చూస్తే, ఆందోళన మీద దీని ప్రభావం కొద్దిపాటిదేనని తేలింది. కాబట్టి ఇది మందుకు బదులు కాదు. మందుకు తోడు మాత్రమే.

నేను కళ్లు తిరిగి పడిన రోజు, పక్క మంచం పేషెంటు భార్య తన క్యారేజీలోని రెండు ఇడ్లీలు నా చేతిలో పెట్టింది. ఆ రాత్రి మందుల కవరు వెనుక అదే రాశాను. అదే నా మొదటి లెక్క.

రోజూ చేయవలసినవి

1. మీ మాత్రలు మీరు వేసుకోండి. బి.పి., షుగరు, థైరాయిడ్ మందులు ఇంట్లో వదిలి రాకండి. పేషెంటు మందుల వేళకే మీవి కూడా వేసుకుంటే మర్చిపోరు.

2. వేళకు తినండి, నీరు తాగండి. టీ, కాఫీ భోజనం కాదు. సాయంత్రం దాటాక తాగితే నిద్ర పాడవుతుంది.

3. వంతులు పెట్టుకోండి. కాలువ నీటికి వంతు పెట్టుకున్నట్టే రాత్రి కాపలాకు కూడా పెట్టుకోవాలి. అన్న, మరిది, ఆడపడుచు ఎవరైనా సరే, మీరే నోరు తెరిచి అడగండి. వంతు దిగినవారు ఇంటికి వెళ్లి నిద్రపోవాలి.

4. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. నాలుగు లెక్కపెడుతూ లోపలికి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. తల తిరిగితే ఆపండి.

5. వరండాలో నడవండి. ఉదయం పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు.

6. పడుకునే ముందు మూడు మేళ్లు రాయండి. "దేవుడు మంచివాడు" అని రాసి ఊరుకోకండి. "ఈ రోజు నాన్న రెండు ముద్దలు తిన్నారు" అని జరిగినది జరిగినట్టు రాయండి. రాయడం రానివారు పక్కవారితో చెప్పుకోవచ్చు. ఏమీ తోచని రోజున, రాయలేకపోయానని బాధపడకండి.

ఎప్పుడు డాక్టరుకు చెప్పాలి?

ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే "టెన్షన్‌లే" అని ఊరుకోకండి. వెంటనే నర్సును పిలవండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర లేకపోతే, డాక్టరుకు చెప్పండి. చనిపోవాలన్న తలంపు వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు, వెంటనే చెప్పండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మా అమ్మ మళ్లీ నడవలేదు. కృతజ్ఞత ఆమె కాలును బాగు చేయలేదు. కాని ఆ తర్వాత ఆమె బ్రతికిన రెండేళ్లూ నేను మళ్లీ పడిపోకుండా, విసుక్కోకుండా ఆమెకు అన్నం తినిపించగలిగాను. నాకు అదే పెద్ద మేలు.

ఆలోచించండి

ఈ రోజు మీరు వేళకు తిన్నారా? మీ మాత్ర వేసుకున్నారా? ఈ రాత్రి మీ వంతు ఎవరు తీసుకుంటారు? ఈ రోజు జరిగిన ఒక్క మేలు ఏమిటి?