చిన్నపరెడ్డి పాట: ఒక పరిశీలన

జానపద గేయాన్ని వినడం ఒక ఎత్తు, చదవడం మరొక ఎత్తు. వినేవేళ మనస్సు రాగం వెంట పోతుంది. చదివేవేళ ఈ పాట ఎప్పటిది, ఎవరిని గురించినది, ఏ గాయం నుండి పుట్టినది అన్న ప్రశ్నలు తలెత్తుతాయి. ఈ రెండవ పనిని విద్యార్థులకు అలవాటు చేయడానికి మేము తరగతిలో ఎన్నుకొనే ఉదాహరణ, కోటప్పకొండ తిరునాళ్లతో ముడిపడిన చిన్నపరెడ్డి పాట.

వీరగాథలకు పలనాడు పుట్టినిల్లు వంటిది. బ్రహ్మనాయుడు, బాలచంద్రుల కథను కారెంపూడిలో వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తున్నారు. అటువంటి సీమలో ప్రజల గుండెను కదిలించిన సంఘటన పాట కాకుండా ఉండడం అరుదు.

నరసరావుపేటకు సమీపాన మూడు శిఖరాలతో కనిపించే కొండ కోటప్పకొండ. త్రికూటాచలమని దానికి మరొక పేరు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని ఆ మూడింటినీ వ్యవహరిస్తారు. మహాశివరాత్రికి అక్కడ జరిగే తిరునాళ్లకు చుట్టుపక్కల గ్రామాలవారు ఆకాశాన్నంటే ప్రభలు కట్టి తీసుకొని వస్తారు. ప్రభ ఊరి పరువు. అలంకరించిన ఎడ్లజత రైతు పరువు. ఈ విషయం తెలియనివారికి తరువాతి కథ అర్థం కాదు.

1909 ఫిబ్రవరి 18, మహాశివరాత్రి. ఆనాటి జనసమ్మర్దంలో ఎడ్లు బెదరడంతో కలకలం మొదలైందని, పోలీసులు తుపాకులు పేల్చారని, ఆగ్రహించిన జనం ఠాణాపై పడి నిప్పు పెట్టారని చెప్పుకుంటారు. ప్రజలవైపునా పోలీసులవైపునా ప్రాణాలు పోయాయి. విచారణ జరిగింది. గాదె చిన్నపరెడ్డిని నాయకునిగా ఎంచి ఉరితీశారు.

ఆ కాలాన్ని కూడా స్మరించాలి. అంతకు రెండేండ్ల క్రితం, 1907లో, బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం, బెజవాడ, బందరు పట్టణాలలో ఉపన్యసించి యువకులను ఉద్రేకపరచినాడు. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు పత్రికారచన కారణంగా కారాగారం పాలైనాడు. పట్టణాలలో వందేమాతరం వినిపిస్తున్న రోజులవి. పలనాటి రైతు ఆ ఉపన్యాసాలు విన్నాడని మేము చెప్పబోము. అయితే ప్రభుత్వం మాత్రం ప్రతి గుంపునూ అనుమానంతో చూచే కాలమది. తిరునాళ్లలో పుట్టిన తగవు అంత దూరం పోవడానికి ఈ వాతావరణం కూడా ఒక కారణమని మా అభిప్రాయం.

ఇక్కడ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఈ సంఘటనకు స్థిరపడిన పేరు 'కోటప్పకొండ దొమ్మీ'. దొమ్మీ అన్నది ఠాణా మాట, న్యాయస్థానం మాట. పాట అందుకొన్నది మాత్రం 'సైరా' అన్న మాటను. అది భళీ అని భుజం తట్టే మాట. ఒకే మనిషి ఒక మాటలో ముద్దాయి, మరొక మాటలో వీరుడు. చిన్నపరెడ్డి పాట వెనుక ఉన్న అసలు కథ, మా దృష్టిలో, ఈ రెండు మాటల నడుమ జరిగిన పోరాటమే.

మరొక విశేషం. ఈ పల్లవి పోలిక చిన్నపరెడ్డికి మాత్రమే చెందినది కాదు. 1846లో కుంఫిణీపై తిరుగుబాటు చేసి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గురించిన రేనాటి పాటకూ అదే తీరు పల్లవి ఉన్నది. ఇది చౌర్యమని తొందరపడి తీర్పు చెప్పరాదు. జానపదునికి పల్లవి మూస వంటిది. పాత వీరుని కూర్చుండబెట్టిన పీటపైననే కొత్త వీరుని కూర్చుండబెట్టడం అతనికి చేతనైన గౌరవం. ఉరి అన్న బంధుత్వం రేనాటినీ పలనాటినీ కలిపింది.

ఉర్దూ విద్యార్థులకు ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. మీర్ అనీస్ మర్సియాలలో రజ్మ్, షహాదత్, బైన్ అన్న భాగాలు వారు చదివే ఉంటారు. యుద్ధం, ప్రాణత్యాగం, విలాపం. మన వీరగాథ నడకా ఇంచుమించు ఇదే. రెండు చోట్లా శ్రోత ఊరకే వినడు, గొంతు కలుపుతాడు.

దూరదేశాల ఉదాహరణ కూడా ఒకటి చూద్దాం. పాశ్చాత్య రాక్ బృందాలు పవర్ బ్యాలడ్ అనే ఒక తరహా పాట పాడతాయి. అది మెల్లగా మొదలై, వాద్యాలన్నీ చేరగా ఉప్పొంగుతుంది. జర్మనీకి చెందిన స్కార్పియన్స్ బృందం 1989 ఆగస్టులో మాస్కో సంగీతోత్సవంలో పాల్గొన్నది. ఆ అనుభవం నుండి గాయకుడు క్లౌస్ మైనె 'విండ్ ఆఫ్ చేంజ్' పాట రచించినాడు. ఆ నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకొన్నది. 1990లో పాట వెలువడింది. ప్రజలు దానిని గోడ కూలిన పాటగానే గుండెలకు హత్తుకొన్నారు. మాస్కోలో మొలకెత్తిన పాట బెర్లిన్‌ది అయినది! పాటకు పుట్టుక ఒకచోట, కాపురం మరొకచోట. రేనాటి తీరు పల్లవి కోటప్పకొండలో వినిపించడం కూడా ఇటువంటిదే.

అయితే విద్యార్థి ఇంతటితో ఆగరాదు. పల్లవిలో ఒక పేరుకే చోటున్నది. ఆనాడు తుపాకి దెబ్బకు కూలినవారూ, విధి నిర్వహణలో మరణించిన జవానులూ, శిక్షలు పడినవారి ఇండ్లలోని స్త్రీలూ ఆ పల్లవిలోనికి రారు. న్యాయస్థానపు కాగితం ఎంత అసంపూర్ణమో, పాట కూడా అంత అసంపూర్ణమే. పాటను సాక్ష్యంగా స్వీకరించవలసినది ఏమి జరిగినదన్న దానికి కాదు. జరిగినదానిని జనం ఏ విధంగా గుర్తుంచుకోదలచినారన్న దానికి. ఈ భేదం తెలిసినవాడే జానపద సాహిత్యానికి మంచి పాఠకుడు.

శివరాత్రి నాడు ప్రభల వెలుగులో ఆ కొండను చూచే మిత్రులు ఒక్కక్షణం 1909ని తలచుకొనవలెనని మా కోరిక. సెలవులలో ఇండ్లకు పోయినప్పుడు పెద్దలను కూర్చుండబెట్టి, వారికి వచ్చిన చరణాలను వారు పలికినది పలికినట్లుగా వ్రాసుకొని రండి. ఒక పెద్ద కన్ను మూసిననాడు ఆయనకు మాత్రమే తెలిసిన చరణం కూడా మూగవోతుంది. దానిని ఏ గ్రంథాలయమూ తిరిగి ఇవ్వజాలదు.