కౌంటీ కౌన్సిలువారి ఆయవ్యయ నిర్ణయము

విద్యార్థులారా! ఇంటి పెద్ద నెల మొదట వచ్చిన జీతమును ముందుంచుకొని, బియ్యమున కింత, పాలకింత, పిల్లల పుస్తకముల కింత యని పంచుకొనుట మీ రందఱును జూచియే యుందురు. అడుగు చేతులు పెక్కు. ఉన్న రూకలు కొన్ని. ఈ చిక్కే లక్షలకొలది జనముగల యొక జిల్లాకు సంభవించినపు డేమి చేయవలెను? ఎవ రడుగవలెను? ఎవరు పరిశీలింపవలెను? కాదన్నవా రెవరికి జవాబు చెప్పుకొనవలెను? ఇంగ్లండు దేశపు కౌంటీ కౌన్సిళ్ల పద్ధతి నుదాహరణముగ గైకొని యీ ప్రశ్నలకు సమాధానము వ్రాయుచున్నాను. పౌరధర్మములు చదువు పై తరగతుల పిల్లలకును, పన్నులు చెల్లించు తలిదండ్రులకును ఇది యుపయోగపడునని తలంచెదను.

1. కౌన్సిళ్ల పుట్టుక

కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిది. 1888 సం॥నకు పూర్వము ఇంగ్లండులో కౌంటీ వ్యవహారములను రాజు పేర నియమింపబడిన న్యాయాధిపతులు మూడు నెలల కొకసారి సభగా గూడి జరుపుచుండిరి. వంతెనలు మున్నగువానికి కావలసిన పన్నును వారే విధించుచుండిరి. పన్ను చెల్లించువారికి వారిని ఎన్నుకొను హక్కు గాని, తొలగించు హక్కు గాని లేకుండెను. 1888 సం॥ స్థానిక పరిపాలన చట్టము ఈ స్థితిని మార్చినది. 1889 జనవరిలో ఎన్నికలు జరిగి, ఆ యేడు ఏప్రిల్ 1వ తేదీన కౌన్సిళ్లు అధికారమును స్వీకరించినవి.

ఆ చట్టములో నొక ముఖ్యమైన నిబంధన కలదు. ప్రతి కౌన్సిలును ఒక ఆర్థిక సంఘమును ఏర్పఱచుకొనవలెను. ఏబది పౌనులకు మించిన యే ఖర్చునకైనను ఆ సంఘము ముందుగా అంచనా సమర్పింపవలెను. దానిపై కౌన్సిలు తీర్మానింపవలెను. అనగా, సభలో నెవ్వరో యొకరు చక్కగ నుపన్యసించినంత మాత్రమున ధనము పెట్టె దాటి పోరాదు. మొదట లెక్క, పిదప మాట, ఆ పిదప ఖర్చు. ఈ వరుసయే నేటి పద్ధతులకును పునాది.

మన దేశమునను ఇంచుమించు ఆ కాలమందే ఇట్టి ప్రయత్నము జరిగెను. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనను గుఱించి తీర్మానము గావించెను. 1884లో చెన్నపురి రాజధానిలో స్థానిక సంఘముల చట్టము వచ్చి, తెలుగు జిల్లాలలోను జిల్లా బోర్డులు ఏర్పడినవి. కాని మొదట ఆ బోర్డులకు కలెక్టరే అధ్యక్షుడుగ నుండెను. ప్రజల చేతికి పెత్తనము మెల్లమెల్లగనే వచ్చినది.

2. విధులును రాబడియు

ఇంగ్లండులో పలుచోట్ల స్థానిక పరిపాలన రెండంతస్తులుగ నుండుచు వచ్చినది. పై యంతస్తు కౌంటీ కౌన్సిలు. క్రింది యంతస్తు డిస్ట్రిక్టు కౌన్సిలు. ఇట్టి కౌంటీ కౌన్సిళ్లు 2023 నాటికి ఇరువదియొకటి కలవు. ఈ రెండంతస్తులను తీసివేసి ఒకే కౌన్సిలు నుంచవలెనని 2024 డిసెంబరులో అచ్చటి ప్రభుత్వము తన యుద్దేశమును ప్రకటించినది.

విద్య, రహదారులు, గ్రంథాలయములు, దిక్కులేని బిడ్డల సంరక్షణము, వృద్ధులకును వికలాంగులకును సేవ, చెత్తను తుదకు వదిలించుట మున్నగునవి కౌంటీ విధులు. ఇండ్ల కడ చెత్త నెత్తుట, గృహవసతి, పన్ను వసూలు మున్నగునవి డిస్ట్రిక్టువారి పనులు. కౌంటీవారు తమకు కావలసిన మొత్తమును డిస్ట్రిక్టువారికి తెలుపుదురు. వారు తమ పన్నుతో గలిపి వసూలుచేసి యిత్తురు.

రాబడి ముఖ్యముగ నాలుగు త్రోవల వచ్చును: కేంద్ర ప్రభుత్వపు గ్రాంటులు, వ్యాపారస్థలములపై పన్నులో వంతు, ఇండ్లపై కౌన్సిలు పన్ను, సేవలకు గైకొను రుసుములు. గ్రాంటులలో కొన్ని యొక పనికే గుఱి చేయబడి యుండును. పాఠశాలల కిచ్చిన గ్రాంటును రోడ్డు గుంటలు పూడ్చుటకు వాడరాదు. కావున పట్టికలో పెద్ద మొత్తము కనబడినను, కౌన్సిలు స్వేచ్ఛగ పంచగల భాగము చిన్నదే.

3. అర్థనలను పరిశీలించు విధము

ఆర్థిక సంవత్సరము మనకువలెనే అచ్చటను ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగియును. దాని కెన్నియో నెలల ముందే ప్రతి శాఖయు తన యంచనాను సిద్ధపఱచును. ఉన్న పనిని సాగించుట కెంత, కొత్తపని కెంత, మానుకొనదగిన దెంత యని మూడు భాగములుగ చూపుట వాడుక. ఆర్థికాధికారి ఈ యంచనాల నన్నిటిని గూర్చును. అడిగిన మొత్తము ఎన్నడును ఉన్న మొత్తమును మించియే యుండును. అప్పుడు ప్రతి యర్థనను ఐదు ప్రశ్నలతో జల్లించి చూతురు.

మొదటిది: ఇది చట్టము విధించిన పనియా, లేక కౌన్సిలు తన యిష్టమున చేయు పనియా? తలిదండ్రుల యండలేని బిడ్డను గాపాడుట విధి. ధనము లేదని త్రోసిపుచ్చుటకు వీలులేదు. సంగీతోత్సవమునకు సాయము చేయుట మంచిదే గాని విధి కాదు.

రెండవది: ఇది యొకసారి ఖర్చా, ఏటేట వచ్చు ఖర్చా? గ్రంథాలయమునకు బల్లలు కొనుట యొకసారితో తీరును. గ్రంథపాలకుని జీతము ప్రతి యేడును ఇయ్యవలసినదే. నిలువధనము నుండి బల్లలు కొనవచ్చును. జీతము లిచ్చుచు బోయిన ఆ నిలువ కొలది యేండ్లలో నడుగంటును.

మూడవది: ఇది నిత్యవ్యయమా, మూలధన వ్యయమా? పెక్కేండ్లు నిలుచు వంతెనకో పాఠశాల భవనమునకో అప్పు చేయవచ్చును. ఏలయన దాని ఫలమును రేపటివారును అనుభవింతురు. దినదిన ఖర్చులకై అప్పు చేసి లెక్క సరిపెట్టుట కచ్చటి చట్ట మొప్పుకొనదు.

నాల్గవది: మిగిలిన ధన మెచ్చటినుండి వచ్చును? వృద్ధుల కూటమో గ్రామసభామందిరపు సంఘమో సాయము కోరినపుడు, తామెంత కూడబెట్టిరి, ఇతరు లెంత యిచ్చిరి, నిరుటి లెక్క లెట్లున్నవి యని చూపుట పరిపాటి. ఇచ్చిన పిమ్మట దాని నెట్లు వాడిరో తెలుపవలెను.

ఐదవది: ఇయ్యకున్న నష్టపడువా రెవరు? 2010 సం॥ సమానత్వ చట్టము ననుసరించి, ఒక నిర్ణయమువలన వృద్ధులకును, వికలాంగులకును, తదితరులకును గలుగు ఫలితమును తగిన రీతిని ఆలోచించియే కౌన్సిలు నిశ్చయింపవలెను.

ఇట్లు జల్లించిన చిట్టాను పెక్కు కౌంటీలలో నాయకుడును ఆయన మంత్రివర్గమును చర్చింతురు. ఇతర సభ్యులు పరిశీలన సంఘములలో గూర్చుండి ప్రశ్నింతురు. ప్రజల యభిప్రాయములను గోరుదురు. సాధారణముగ డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము తా నీయబోవు గ్రాంటుల ముసాయిదాను ప్రకటించును. అప్పు డంచనాలను మఱల దిద్దవలసి వచ్చును.

4. సభలో తీర్మానము

సామాన్యముగ ఫిబ్రవరిలో పూర్తి కౌన్సిలు సమావేశమగును. ఓటు తీయుటకు ముందు ఆర్థికాధికారి రెండు సంగతులను వ్రాతమూలముగ తెలుపవలెనని 2003 సం॥ చట్టము విధించుచున్నది: అంచనాలు నమ్మదగినవా, నిలువధనము చాలినంత యున్నదా? బడ్జెటుపై ఏ సభ్యుడు ఏ వైపున ఓటు వేసెనో పేరుపేరున వ్రాయవలెనని 2014 నుండి నియమ మున్నది. మఱియొక విశేషము: తన యింటి కౌన్సిలు పన్నును రెండు నెలలు బాకీపడిన సభ్యుడు ఆ సంగతిని సభలో చెప్పవలెను, బడ్జెటుపై ఓటు వేయరాదు. పరుల యింటిపై పన్ను వేయువాడు మొదట తన యింటి పన్ను చెల్లించి రావలెనన్నమాట. మార్చి 1వ తేదీకి ముందుగ కౌంటీవారు తమ కోరికను డిస్ట్రిక్టువారికి పంపవలెను.

పన్ను లెక్కను ఒక కల్పిత యుదాహరణముతో చూతము. ఒక కౌంటీ ఖర్చు 60 కోట్ల పౌనులు; గ్రాంటులు మున్నగువాని వలన వచ్చునది 24 కోట్లు. మిగిలిన 36 కోట్లను ఇండ్లపై వేయవలెను. ఇంగ్లండులో ఇండ్లను 1991 నాటి విలువనుబట్టి ఎనిమిది తరగతులుగ విభజించిరి. నాల్గవ తరగతి యిల్లు ప్రమాణము. ఆ ప్రమాణము ననుసరించి లెక్కింపగా కౌంటీలో 2,40,000 ఇండ్లున్నవనుకొనుడు. 36 కోట్లను 2,40,000 చే భాగింపగా ఇంటికి 1,500 పౌనులు. మొదటి తరగతి యింటికి ఇందులో తొమ్మిదింట ఆఱు వంతులు, అనగా 1,000. ఎనిమిదవ తరగతి యింటికి రెండింతలు, అనగా 3,000.

ఇప్పు డొక శాఖ మఱి 24 లక్షల పౌను లడిగినదనుకొనుడు. 24 లక్షలను 2,40,000 చే భాగింపుడు: ప్రమాణపు ఇంటికి 10 పౌనులు. "ఈ పని కొఱకు మీ యింటినుండి పది పౌనులు గైకొనవచ్చునా?" అని ప్రతి గడపకడ నిలిచి యడుగగలిగిన సభ్యుడే చేయి యెత్తదగినవాడు. పన్నును ఇష్టము వచ్చినంత పెంచుటకును వీలులేదు. ప్రభుత్వ మేటేట నిర్ణయించు హద్దు దాటినచో ప్రజల ఓటు తీసికొనవలెను.

5. కాపలాయు తనిఖీయు

తీర్మానముతో పని ముగియదు. సంవత్సరము పొడవునను ఖర్చు అంచనాను మించుచున్నదా యని చూచుచుందురు. 1972 సం॥ చట్టము ప్రకారము ప్రతి కౌన్సిలునకును ధనవ్యవహారములకు బాధ్యుడైన యొక యధికారి యుండవలెను. ఖర్చు రాబడిని మించునని తోచినచో, ఆయన 1988 సం॥ చట్టపు 114వ విభాగము క్రింద హెచ్చరిక జారీచేయును. అంతట కొత్త ఖర్చులు నిలిచిపోవును. ఇరువదియొక్క దినములలోపల కౌన్సిలు సమావేశము గావలెను. ఏడాది ముగిసిన పిమ్మట బయటి తనిఖీదారు లెక్కలు చూచును. ముప్పది పనిదినములు ఆ లెక్కలు ప్రజల ముందుంచబడును. ఓటరు ప్రశ్నింపవచ్చును, ఆక్షేపింపవచ్చును.

6. నార్తాంప్టన్‌షైర్ కథ

ఈ యేర్పాటులన్నియు కాగితముపై నుండియు పనిచేయకున్న నేమగునో నార్తాంప్టన్‌షైర్ కౌంటీ చూపినది. గ్రాంటులు తగ్గుచుండెను, వృద్ధుల సేవకును పిల్లల సంరక్షణకును ఖర్చు పెరుగుచుండెను. ఆ కష్టము ఇతర కౌంటీలకును ఉండెను. కాని యీ కౌన్సిలు నిత్యవ్యయములకు నిలువధనమును, ఆస్తులమ్మిన రొక్కమును వాడుచు వచ్చెను. 2017 అక్టోబరులో 5 కోట్ల 30 లక్షల పౌనులతో గట్టిన కొత్త ప్రధాన కార్యాలయమును దెఱచిరి. నాలుగు నెలలకే, 2018 ఫిబ్రవరిలో, ఆర్థికాధికారి 114వ విభాగపు హెచ్చరికను జారీచేసెను. అట్టిది ఇంగ్లండులో సుమారు ఇరువదియేండ్లుగ జరుగలేదు. కొత్త భవనమును ఆ యేడే అమ్మి, అందులోనే అద్దె కుండవలసి వచ్చెను. జూలైలో రెండవ హెచ్చరికయు వెలువడెను. ప్రభుత్వము పంపిన పరీక్షాధికారి, బడ్జెటుపై గట్టి యదుపును కౌన్సిలు కొన్నియేండ్ల క్రిందటనే విడిచిపెట్టెనని తన నివేదికలో వ్రాసెను.

దీని బరువు ఎవరిపై బడెను? ముప్పదియాఱు గ్రంథాలయములలో ఇరువదియొక్క టిని మూసివేయ నిశ్చయించిరి. ప్రజలు న్యాయస్థానమున కెక్కిరి. వ్యాజ్యము వేసినవారిలో తల్లి పక్షమున నిలిచిన యొక చిన్నబిడ్డయు కలదు. సరియైన గ్రంథాలయ సేవ నిచ్చుట 1964 సం॥ చట్టము కౌన్సిలుపై నుంచిన విధి; ఆ విధిని తగినట్లు ఆలోచింపక, ధనము మిగుల్చుటనే ముఖ్యముగ నెంచి చేసిన నిర్ణయము చెల్లదని 2018 ఆగస్టులో ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. తుదకు 2021 ఏప్రిల్ 1వ తేదీన ఆ కౌంటీ కౌన్సిలే రద్దయి, దాని స్థానమున రెండు కొత్త కౌన్సిళ్లు వచ్చినవి. 1889లో పుట్టిన సంస్థ నూట ముప్పదిరెండేండ్లకు ముగిసినది.

7. మనము గ్రహింపవలసినది

మన గ్రామ పంచాయతీలకును జిల్లా పరిషత్తులకును ఆయవ్యయ పట్టికలు కలవు. ఊరి బావికో, వీథి దీపమునకో, పాఠశాల గోడకో అర్జీ వ్రాయునపుడు "దయతో నిప్పించవలెను" అని వేడుకొనుట మాత్రమే చాలదు. పని యెంతలో తీరును, ఎందఱికి మేలు, ఏటేట మరమ్మతు కెవ రిత్తురు, ఊరివారి వంతెంత యని నాలుగు వరుసలలో వ్రాసిన యర్జీకి బలము కలుగును. కాదన్నచో కారణమును మర్యాదగ నడుగుటయు పౌరుని హక్కే. గ్రామసభలో లెక్కలు చదువునపుడు లేచిపోక కూర్చుండి వినుట ఆ హక్కును నిలుపుకొను మార్గము. సభలలో గెలుచువారును ఓడువారును మారుచుందురు. లెక్కను జూచు కన్నులు మాత్రము ఎన్నడును మూతపడరాదు.

అభ్యాసము

1. పై కల్పిత కౌంటీలో గ్రాంటులు 3 కోట్ల పౌనులు తగ్గినచో ప్రమాణపు ఇంటిపై పన్ను ఎంత పెరుగును?
2. ఏటేట వచ్చు ఖర్చును నిలువధనముతో తీర్చుట యేల యపాయకరము?
3. మీ యూరికి కావలసిన యొక పనిని గుఱించి, ఐదు ప్రశ్నలకును జవాబు లుండునట్లు, పంచాయతీ సర్పంచి గారికి అర్జీ వ్రాయుడు.